చెనక్కాయ తొక్కల డీజిలు

నాకు కోపం తొందరగా రాదు. వచ్చిందంటే మాత్రం పోదు. మా అమ్మదీ అదే తీరు. పక్కింటావిడ ఎప్పుడో మా కోడిని రాయి పెట్టి కొట్టింది. ఆ కోడి పోయి ఎన్నేళ్ళయిందో, ఇప్పటికీ ఆవిడ ఎదురొస్తే మా అమ్మ మొహం తిప్పుకుని పోతుంది. నేను ఆ కడుపున పుట్టినదాన్ని. కాబట్టి ఇది చదువుతూ, చివరికి ఈమె మనసు కరిగి అందర్నీ క్షమించేస్తుందిలే అని ఎవరైనా ఆశ పెట్టుకుంటే ఇప్పుడే మానుకోవడం మంచిది.

మదనపల్లెలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో నేను పీహెచ్‌డీ చేస్తుండేదాన్ని. ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే "చెనక్కాయ తొక్కల్లోంచి డీజిలు తీస్తాను" అని చెప్పేదాన్ని. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు నవ్వేవాళ్ళు. "నీళ్ళతో బండి నడిపిస్తామని టీవీలో వచ్చేటోళ్ళు గూడా ఇట్లే సెప్తారమ్మా" అన్నాడు వాల్మీకిపురంలో బస్సెక్కిన ఒక పెద్దాయన. నాకు కోపం రాలేదు. ఆయనకు తెలియక అన్నాడు. తెలిసి చేసినవాళ్ళ మీదే నాకు కోపం.

మాయ మంత్రం ఏమీ లేదు. తొక్కలనో కట్టెలనో బొగ్గునో గాలి సరిగా ఆడనీయకుండా బాగా కాలిస్తే అవి పూర్తిగా మండవు, వాయువుగా మారతాయి. ఆ వాయువులో ముఖ్యమైనవి రెండు: కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్. మొదటిది మనుషుల్ని వాసన కూడా తెలియకుండా చంపేస్తుంది. ఈ రెండింటినీ వేడిమీద, ఒత్తిడి పెట్టి, ఒక క్యాటలిస్టు, అదే ఉత్ప్రేరకం, మీదుగా పంపితే, కార్బన్ పక్కన కార్బన్ చేరి గొలుసు కట్టుకుంటూ పోతుంది. పొట్టి గొలుసైతే వాయువు, కొంచెం సాగితే పెట్రోలు, ఇంకా సాగితే డీజిలు, మరీ సాగితే మైనం. మిగిలిన హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీళ్ళయిపోతాయి. ఇది మా తాతల కాలంనాటి విద్యే. నేను కనిపెట్టింది కాదు.

నేను చేసింది ఆ క్యాటలిస్టు. మా చెనక్కాయ తొక్కల వాయువుకు సరిపోయేది, ఖరీదైన లోహాలు లేకుండా, ఇనుముతో చేసింది. ఇనుప ఉప్పు కలిపిన నీళ్ళలో సోడా పోస్తే ఎర్రటి బురద అడుక్కు దిగుతుంది. దాన్ని వడగట్టి, కడిగి, పొటాషియం, కాస్త రాగి కలిపి, ఎండబెట్టి, గుళికలు చేసి కాల్చాలి. చెప్పడానికి ఇంతే. పొటాషియం కొంచెం ఎక్కువైతే గొట్టం నిండా మైనం పేరుకుంటుంది, తక్కువైతే ఉత్త గ్యాసు. ఆ పాళ్ళు కుదరడానికి నాకు ఏళ్ళు పట్టింది. మా అమ్మ ఫోన్ చేసి "పెండ్లి సంగతేంది?" అంటే "పొటాషియం కుదరనీమ్మా" అనేదాన్ని. పొటాషియం ఎవరో పిల్లోడనుకుందో ఏమో, కొన్నాళ్ళు అడగడం మానేసింది.

ఒక పొద్దున, వాయువును చల్లబరిచే కండెన్సరు కింద గాజుసీసాలో నీళ్ళ మీద పల్చటి పసుపు నూనె తేలింది. సీసా ఎత్తి పట్టుకుని సెల్లుతో ఫోటో తీసుకున్నాను. తర్వాత దూది వత్తి ముంచి, వెలిగించి, అది నిలకడగా మండుతుంటే ఒక్కదాన్నే ఉన్నానని కూడా చూడకుండా చప్పట్లు కొట్టాను. పక్క ల్యాబువాళ్ళు పరిగెత్తుకొచ్చారు, ఏదో పేలిందనుకుని.

ఇక మా గైడు సారు గురించి చెప్పాలి. పెద్దపంజాణి వైపు భూములున్న కుటుంబం ఆయనది. మేం ఆ చుట్టుపక్కల చేలల్లో కూలి చేసుకున్నవాళ్ళం. నేను ల్యాబులో చేరిన రోజు ఆయన అడిగిన మొదటి ప్రశ్న నా మార్కుల గురించి కాదు. "మీవోళ్ళు ఎవురి సేన్లో సేసేవోళ్ళమ్మా?" అని. చెప్పాను. "ఓ, మనోళ్ళదే" అని నవ్వాడు. మంచాయనే అనుకున్నాను అప్పుడు. సిలిండర్లు అడిగితే తెప్పించేవాడు, పండక్కి స్వీట్లు పంచేవాడు. పని దగ్గర మాత్రం ఏడాదికి ఒకసారి వచ్చి రియాక్టరు చుట్టూ ప్రదక్షిణం చేసి పోయేవాడు.

ఆయన అల్లుడు బెంగళూరులో పెరిగినవాడు. మా ల్యాబులో చేరాడు. "మేడమ్, కొంచెం ఎక్స్‌ప్లెయిన్ చేయండి" అని చాలా మర్యాదగా అడిగేవాడు. నేను మొత్తం చెప్పాను. ఎందుకు చెప్పకూడదు? చదువు చెప్పుకోవడానికే కదా ఉండేది.

తర్వాత కాలేజీలో పెద్ద సెమినారు జరిగింది. ముందు వరసలో కంపెనీల వాళ్ళు కూర్చున్నారు. అల్లుడు స్టేజీ ఎక్కాడు. తెర మీద నా క్యాటలిస్టు, నా లెక్కలు, నా గ్రాఫులు ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి. చివర్లో నా సీసా ఫోటో. ఆ సీసా పట్టుకున్న చెయ్యి నాది. చేతికున్న గాజులు కూడా నావే, మదనపల్లె బజారులో కొన్న ఆకుపచ్చ మట్టిగాజులు. కింద పేర్లు రెండు: మామది, అల్లుడిది. సొమ్ము ఒకడిది, సోకు ఒకడిది అంటారే, అది కళ్ళముందర గోడంత తెర మీద చూశాను. గాజుల చేతిని చూసి కూడా ఎవరికీ అనుమానం రాలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సెమినారు అయిపోగానే నేరుగా సారు గదిలోకి పోయాను.

"సార్, అది నా పని. నా పేరు యాడ?"

ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. తల ఎత్తలేదు. "ల్యాబు ఎవురిది? గ్యాసు ఎవురు తెప్పించినారు? నువ్వు సేసినావు, నేను కాదన్లే. కూలి సేసినోళ్ళందరికీ సేను రాసిస్తారా అమ్మా?"

అంతే. ఆ మాట ఆయన కోపంతో కూడా అనలేదు. ఏదో లోకం తీరు చెప్తున్నట్టు, ఇంత మామూలు విషయం నాకు తెలియలేదే అని జాలిపడుతున్నట్టు అన్నాడు. తిట్టి ఉంటే ఏదో ఒకరోజు మరిచిపోయేదాన్నేమో. నేను బయటికొచ్చి, హాస్టల్లో సామాను సర్దుకుని, సాయంత్రం బస్సుకు పుంగనూరు వచ్చేశాను. పీహెచ్‌డీ అక్కడే ఆగిపోయింది.

పుంగనూరులో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేరాను. మా నాన్న అప్పటికే పోయాడు. అమ్మను తెచ్చుకుని, వెనక పెద్ద పెరడున్న అద్దె ఇంట్లో పెట్టాను. పిల్లలకు ఉత్ప్రేరకాల పాఠం వచ్చినప్పుడల్లా నా గొంతు పెరిగేది. ఉత్ప్రేరకం చర్యను నడిపిస్తుంది, తాను మాత్రం ఖర్చయిపోదు, సమీకరణంలో దాన్ని బాణం మీద రాస్తారు అని చెప్తూ, "బాణం మీదైనా రాస్తారు!" అని బల్ల మీద కొట్టేదాన్ని. ముందు బెంచీ పిల్లలు ఉలిక్కిపడేవాళ్ళు. పరీక్షల్లో ఆ ప్రశ్న మాత్రం ఒక్కరూ తప్పు రాయలేదు.

నాకు కావలసింది డబ్బు కాదు, ఉద్యోగం కాదు. ఆ పని నాదని ఆయన నోటితో, జనం ముందర చెప్పాలి. ఇంకెవరు చెప్పినా నాకు లెక్క లేదు. అట్లు పోస్తున్నా, పరీక్ష పేపర్లు దిద్దుతున్నా, ఆయన ఆ మాట చెప్తున్నట్టు ఊహించుకునేదాన్ని. ఒక్కోసారి ఊహలో ఆయన ఏడ్చేవాడు కూడా. అది నాకు మరీ బాగుండేది.

ఆయన రిటైరయ్యాక మామా అల్లుళ్ళు కుప్పం దగ్గర షెడ్డు వేసి, నా క్యాటలిస్టుతోనే చిన్న యూనిట్ పెట్టారని తెలిసింది. పెట్టుబడి పెట్టేవాళ్ళకు ముందు నడిపి చూపించాలంట. నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. తర్వాత ఇంకో కబురు వచ్చింది. యూనిట్ నడవడం లేదు. కొత్త క్యాటలిస్టు పోసిన కొద్ది రోజులు నూనె వస్తుంది, తర్వాత తగ్గుతుంది, ఆగిపోతుంది. మళ్ళీ కొత్తది పోయాలి, మళ్ళీ అంతే. ఆ కబురు విన్న రోజు సేమ్యా పాయసం చేసుకుని తిన్నాం, నేనూ మా అమ్మా.

ముందు అల్లుడు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. తర్వాత సారే చేశాడు. "ఒకతూరి వచ్చి సూసిపోమ్మా. నువ్వు సేసిందే గదా" అన్నాడు. ఫోన్లో అయితే నేను చేసిందే! అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. పోకూడదనుకున్నాను. కానీ వాళ్ళ అవస్థ కళ్ళారా చూడాలన్న ఆశ ఉంది చూశారూ, దాన్ని ఆపుకోలేకపోయాను. పలమనేరు పోయి, వీ.కోట మీదుగా కుప్పం బస్సెక్కాను. దారి పొడుగునా కిటికీ పక్కన కూర్చుని హాయిగా గాలి పోసుకున్నాను.

షెడ్డులో అడుగు పెట్టగానే నాకు సగం అర్థమైంది. కండెన్సరులోంచి తీసిన నీళ్ళు బకెట్‌లో ఉన్నాయి. కుళ్ళిన గుడ్డు వాసన. గంధకం. గంధకం ఇనుమును పట్టుకుంటే ఇక వదలదు. క్యాటలిస్టు మీద కార్బన్ మోనాక్సైడ్ వచ్చి కూర్చోవాల్సిన చోటంతా అది ఆక్రమించుకుంటుంది. అందుకే గంధకాన్ని ముందే పట్టేయడానికి జింక్ ఆక్సైడ్ పోసిన గొట్టం ఒకటి పెడతారు. వీళ్ళూ పెట్టారు. అది ఎప్పుడో నిండిపోయింది.

ఇంత గంధకం ఎక్కడినుంచి? తొక్కల్లో అంత ఉండదు. మదనపల్లెలో నాకు ఎప్పుడూ ఈ బెడద రాలేదు. మూలన మిల్లునుంచి తెచ్చిన తొక్కల మూటలు పేర్చి ఉన్నాయి. ఒక మూటలో చెయ్యి పెట్టి గుప్పెడు తీశాను. తొక్కలకు ఎర్రమన్ను, ఆ మన్నులో తెల్లటి నలుసులు. వేళ్ళ మధ్య నలిపి చూశాను. నాకు నవ్వొచ్చింది. దగ్గు నటించి బయటికి పోయి నవ్వుకుని వచ్చాను.

జిప్సం. చెనక్కాయ పూత మీదుండగా, ఊడలు మట్టిలోకి దిగే అదునులో, కాయ బాగా ఊరాలని చేనంతా జిప్సం చల్లుతారు. మా పక్క చెనక్కాయ వేసిన ఏ రైతునడిగినా చెప్తాడు. మా అమ్మ గంప చంకన పెట్టుకుని సాలు వెంబడి చల్లుకుంటూ పోతుంటే, వెనకాలే నేను. సాయంత్రానికి ఆమె రెప్పలు, కొంగు, జుట్టు అన్నీ తెల్లగా అయ్యేవి. కళ్ళు మంటలెత్తితే చేతులతో రుద్దుకోకూడదు, ఇంకా మండుతాయి. ఆ జిప్సంలో దాదాపు అయిదోవంతు గంధకమే. కాయ పీకినప్పుడు మట్టితోబాటు తొక్కకు అంటుకుని వస్తుంది. గాలి తక్కువగా ఉన్న మంటలో పడితే అందులోని గంధకం ఆ కంపు వాయువై లేస్తుంది.

మరి నా ల్యాబులో? నేను తొక్కలు కడిగేదాన్ని. మా ఇంట్లో చేనునుంచి వచ్చింది ఏదైనా తొట్టిలో వేసి, పిసికి, కడిగి, ఎండేసిన తర్వాతే లోపలికి. అదో పెద్ద పని అని కూడా నేననుకోలేదు. అల్లుడికి అన్నీ చెప్పానే, ఇది మాత్రం చెప్పాలని తోచలేదు. ఒళ్ళు కడుక్కుని బడికి పోతామని ఎవరైనా చెప్తారా?

అల్లుడు బెంగళూరువాడు, వదిలేయండి. ఈ పెద్దమనిషి చెనక్కాయలు పండే ఇంట్లో పుట్టాడు. జిప్సం మూటలు వాళ్ళ వసారాలోనే దించి ఉంటారు. కానీ ఆయన ఆ మూట కట్టు విప్పిన పాపాన పోలేదు. విప్పింది, చల్లింది, కళ్ళు మండించుకుంది మేము.

"ఏమైనా తెలిసిందా మేడమ్? జింక్ ఆక్సైడ్ డబుల్ చేస్తే వర్క్ అవుతుందా?" అన్నాడు అల్లుడు.

"చేసి చూడండి" అన్నాను.

"నీకేమన్నా తోస్తాండాదా?" అన్నాడు సారు. ఆయన మొహం పీక్కుపోయింది. గడ్డం మాసింది. నాకు కడుపు చల్లబడింది.

"ఆలోచించి చెప్తాను సార్" అని వాళ్ళు పెట్టిన భోజనం సుష్టుగా తిన్నాను. పప్పు బాగుంది, రెండోసారి వేయించుకున్నాను.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. ఏ అమ్మైనా "పోనీలే, పెద్దాయన" అంటుంది. మా అమ్మ చేట కింద పెట్టి, "జిప్సమా!" అని నోరు నొక్కుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "ఊరికే సెప్పొద్దు పాపా. ఊరికే సెప్తే అదీ కూలి లెక్కలోనే యేసేస్తారు" అంది.

"ఊరికే యాల సెప్తానుమ్మా? ఆయప్పే రావల్ల."

వచ్చాడు. పెట్టుబడి వాళ్ళు వచ్చే రోజు దగ్గర పడింది, ఈసారి నడవకపోతే వాళ్ళిక రారు. ఒక ఆదివారం మధ్యాహ్నం కారు మా సందు మొదట్లో ఆపి, ఎండలో నడిచి వచ్చాడు. మా అమ్మ చాప వేసింది. కుర్చీ ఉంది మా ఇంట్లో. వెయ్యలేదు. ఆయన చాప మీద కూర్చోవడానికి కాస్త ఇబ్బంది పడ్డాడు, మోకాళ్ళ నొప్పులనుకుంటాను.

"నీకు తెలిసిపోయినాదని నాకు తెలుసమ్మా. అంత అన్నం తిన్నప్పుడే అనుకుంటి" అన్నాడు. తెలివైనవాడే, కాదనను.

"తెలుసు సార్."

"ఏం కావల్ల నీకు?"

"ఆ రోజు వచ్చేవాళ్ళందరి ముందర, మైకులో, ఈ క్యాటలిస్టు నేను చేశానని చెప్పండి. మీ అల్లుడు కాదు, మీరు కాదు, నేను."

అల్లుడి మర్యాద అన్నాడు, కూతురు బాధపడుతుందన్నాడు, పేపర్లో చిన్నగా వేయిద్దామన్నాడు. నేను మా అమ్మ వైపు చూశాను. మా అమ్మ గోడ వైపు చూస్తోంది. చివరికి "సరే, సెప్తా. నా మాట మింద నమ్మకం పెట్టు" అన్నాడు.

నమ్మకం సంగతి తర్వాత. ముందు ఆయన్ను పెరట్లోకి తీసుకుపోయాను. మిల్లునుంచి తెప్పించిన తొక్కలు గుట్టగా ఉన్నాయి. తొట్టి నిండా నీళ్ళు. "కూర్చోండి సార్. చేస్తే గానీ అర్థం కాదు" అన్నాను. గడియారం తీసి జేబులో పెట్టుకుని, చొక్కా చేతులు మడిచి, ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. తొక్కలు ముంచి పిసికాడు. నీళ్ళు ఎర్రగా, తర్వాత పాలు కలిపినట్టు తెల్లగా మారాయి. ఆ తెలుపును చూస్తూ చెయ్యి ఆపేశాడు.

"జిప్సము" అన్నాడు మెల్లగా.

"అవును సార్. మనోళ్ళ సేన్లదే."

మా అమ్మ ఇంకో చేటెడు తొక్కలు తెచ్చి తొట్టిలో పోసింది. "బాగా పిసకండి సామీ, ఇంకా వదల్లేదు" అంది. ఆ మాట ఇప్పటికీ తలుచుకుని నవ్వుకుంటాం. నీళ్ళు తేటపడేదాకా ఆయన్ను లేవనివ్వలేదు. పోయేటప్పుడు వేళ్ళ సందుల్లో ఎర్రమట్టి అట్లాగే ఉంది.

అప్పుడే మబ్బులు పట్టాయి. కడిగినవి ఎండాలంటే మాటలు కాదు. వాళ్ళ దగ్గర అంత మందీ లేరు, అంత టైమూ లేదు. మా వీధి ఆడవాళ్ళు, మా అమ్మ, నేను కలిసి మిద్దె మీద, వరండాలో, ఆఖరికి మంచాల మీద కూడా పరిచి ఆరబెట్టాం. పాత తొక్కలు వేస్తే మళ్ళీ క్యాటలిస్టు చస్తుంది కాబట్టి, ఆ రోజుకు కుప్పంలో పనికొచ్చే తొక్కలు మా మూటలే. ముందుగా కొన్ని పంపాను. క్యాటలిస్టు మళ్ళీ కొత్తగా పోసి, వాటితో మొదలుపెట్టారు. నూనె పడుతోందని అల్లుడు ఫోన్ చేసి ఎగిరి గంతేసినంత పని చేశాడు. మిగిలిన మూటలు మినీ లారీలో వేసుకుని ఆ రోజు పొద్దున మా అమ్మతో కలిసి నేనే తీసుకుపోయాను.

షామియానా వేశారు. మామిడాకుల తోరణం, రియాక్టరుకు బొట్టు, నిమ్మకాయలు. ముందు వరసలో సోఫాలు, వెనక ప్లాస్టిక్ కుర్చీలు, ఊళ్ళోవాళ్ళు. కండెన్సరు కింద పెద్ద గాజు జాడీ పెట్టారు, అందరికీ కనబడేలా. పైన గొట్టం చివర మిగులు గ్యాసు నీలంగా మండుతోంది. పెట్టుబడి వాళ్ళు జాడీలో పడుతున్న చుక్కల్ని సెల్లుల్లో తీసుకుంటున్నారు. నా పేరుతో కుర్చీ ఎక్కడా లేదు. మా అమ్మను వెనక కుర్చీల్లో ఆడవాళ్ళ పక్కన కూర్చోబెట్టి, నేను తొక్కలు కాల్చి వాయువు తీసే గ్యాసిఫయర్ దగ్గరికి పోయాను. మూటలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. చివరి మూట మిగిలింది. నిలబడి కాళ్ళు లాగుతుంటే దాని మీద కూర్చున్నాను.

సారు మైకు తీసుకున్నాడు. రైతు గురించి మాట్లాడాడు, దేశం గురించి మాట్లాడాడు. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ కలిసి నూనె ఎట్లా అవుతాయో నా మాటల్లోనే, నేను వాళ్ళ అల్లుడికి చెప్పిన మాటల్లోనే చెప్పాడు. తర్వాత, "ఈ క్యాటలిస్టు వెనకాల ఏళ్ళ కష్టం ఉంది. ఆ కష్టం మా అల్లుడిది" అన్నాడు. చప్పట్లు. అల్లుడు లేచి దండం పెట్టాడు. "అట్లాగే, పుంగనూరు నుంచి మంచి తొక్కలు సప్లై చేసిన అమ్మగారికి కూడా మా ధన్యవాదాలు."

తొక్కలు సప్లై చేసిన అమ్మగారు! వెనక వరసలో మా అమ్మ లేచి నిలబడడం కనిపించింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడుపు కాదది, ఒళ్ళు మండిపోతే వచ్చే నీళ్ళు. ఇచ్చిన మాట ఇట్లా తప్పుతాడని ఏదో మూల నాకు తెలుసు. తెలిసినా అంత మంట పుట్టింది.

అంతలో గ్యాసిఫయర్ చూసుకునే అతను వచ్చాడు. నడివయసు మనిషి, వీ.కోట వైపువాడు. "అక్కా, రవ్వంత లెయ్యి. తొక్కలు అయిపోవస్తాండాయి, మూట ఎయ్యల్ల" అన్నాడు.

"లేవను" అన్నాను.

"అక్కా?"

"లేవనప్పా. నీ తప్పేమీ లేదు. పోయి మీ సారుకు చెప్పు."

అతను నా మొహం చూశాడు, సారు వైపు చూశాడు, తల గోక్కున్నాడు. పోలేదు. మూటకు ఒక పక్కగా, నా పక్కనే చేతులు కట్టుకుని నిలబడిపోయాడు.

పైన మంట ముందు పసుపురంగుకు తిరిగింది. తర్వాత కుంచించుకుపోయింది. జాడీలో చుక్కకూ చుక్కకూ ఎడం పెరిగింది. సెల్లుల్లో తీసుకుంటున్నవాళ్ళు సెల్లులు దించి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అల్లుడు పరిగెత్తుకొచ్చాడు. "మేడమ్, ప్లీజ్, ఏమిటిది, ప్రెషర్ పడిపోతోంది!" అని మూట కొస పట్టుకుని లాగాడు. నేను బరువు ఇంకా కొంచెం వేశాను. మా అమ్మ పెట్టిన సంగటి ముద్దల బలం అది, బెంగళూరు చేతులకు కదలదు.

సారు మైకు పక్కన పెట్టి తానే వచ్చాడు. అందరూ చూస్తున్నారు. వంగి, పళ్ళ మధ్యనుంచి, "లెయ్యమ్మా. నా పరువు పోతాండాది" అన్నాడు.

"పోనీండి సార్. నాది ఎప్పుడో పోయింది."

"తర్వాత సెప్తా. ఒట్టు."

"ఇప్పుడే. మైకులో."

ఆయన నా కళ్ళలోకి చూశాడు. అన్నేళ్ళలో నన్ను సరిగా చూడడం అదే మొదలు. పైన మంట ఒకసారి ఆరినంత పనై మళ్ళీ లేచింది. ఆయన వెనక్కి తిరిగి, నడిచి, మైకు అందుకున్నాడు.

"ఒక పొరపాటు జరిగింది" అన్నాడు. "ఈ క్యాటలిస్టు మా అల్లుడు చేసింది కాదు. నేను చేసింది కాదు. అదిగో, ఆ మూట మీద కూర్చున్న ఆమె చేసింది. మేము ఆమె పేరు తీసేసినాము." తర్వాత నా పేరు చెప్పాడు, ఇంటిపేరుతో సహా. అల్లుడు నేల చూస్తున్నాడు. వెనక వరసలో మా అమ్మ ఇంకా నిలబడే ఉంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

పక్కనున్నతను "అక్కా, ఇంక లెయ్యి" అన్నాడు మెల్లగా.

నేను లేవలేదు. గొంతు పెంచి, అందరికీ వినబడేలా అన్నాను.

"సార్, వెనకాల మా అమ్మకు వినపడలేదంట. ఇంకొకతూరి చెప్పండి."